‘మీకు మరో బీమా ఉందా?’ – అమెరికా క్లెయిముల్లో ఒక ప్రశ్న పుట్టుపూర్వోత్తరాలు

పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఫోనులో ఈ మాట వినిపించే ఉంటుంది: “ఆపరేషన్ బాగానే జరిగింది. డబ్బు మాత్రం ఇన్సూరెన్స్ వాళ్లు కట్టనన్నారు. మాకు ఇంకో ఇన్సూరెన్స్ ఉందట, ముందు వాళ్లను అడగమంటున్నారు. ఆ ఇంకోటి ఏదో మాకే తెలియదు.” వినేవారికి ఇది వింతగా తోస్తుంది. లేని బీమాను కారణంగా చూపి, ఉన్న బీమా సొమ్మును నిలిపివేయడమేమిటి? ఏదో కంప్యూటర్ తప్పు, నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుందని అనుకుంటారు. సర్దుకోదు. ఎవరూ పట్టించుకోకపోతే ఆ బిల్లు ఆస్పత్రి నుంచి రోగి ఇంటికి, అక్కడి నుంచి బాకీలు వసూలుచేసే ఏజెన్సీ చేతికి వెళుతుంది.

తప్పు చిన్నదే కానీ దాని వెనుక తొంభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిసినవారికి ఆ ఉత్తరానికి ఏమని బదులివ్వాలో, ఎవరికి ఇవ్వాలో సులువుగా బోధపడుతుంది. వైద్యుడికి ఈ కాగితాల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. తీరని బిల్లు నెత్తిమీద ఉన్న మనిషి తరువాతి స్కానింగును వాయిదా వేస్తాడు, మందును సగం మోతాదుకు కుదిస్తాడు, మళ్లీ ఆ ఆస్పత్రి గడప తొక్కడానికి వెనుకాడతాడు. అందుకే దీన్ని ఆరోగ్య విషయంగానే పరిగణిస్తున్నాను.

కథ 1929లో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ నగరంలో మొదలవుతుంది. అక్కడి బేలర్ యూనివర్సిటీ ఆస్పత్రికి రావలసిన బాకీలు పేరుకుపోయి ఉన్నాయి. దాని వ్యవహారాలు చూడవచ్చిన జస్టిన్ ఫోర్డ్ కింబల్ అంతకుముందు అదే నగరంలో పాఠశాలల సూపరింటెండెంటుగా పనిచేసినవాడు. చెల్లింపులు ఆగిపోయిన ఖాతాల్లో ఉపాధ్యాయుల పేర్లు ఎక్కువగా ఉండటం ఆయన కంటబడింది. నెలకు 50 సెంట్లు ముందుగా కట్టిన ఉపాధ్యాయులకు ఏడాదిలో 21 రోజుల వరకు ఆస్పత్రి వసతి ఇస్తామని ఒక పథకం పెట్టాడు. తరువాతి కాలంలో బ్లూ క్రాస్ పేరుతో దేశమంతటా అల్లుకున్న బీమా పథకాలకు మూలం ఇదే. ఆ ఉపాధ్యాయులను ‘మీకు మరో బీమా ఉందా?’ అని అడగవలసిన అవసరం ఎవరికీ రాలేదు. అప్పట్లో చాలామందికి ఒక్కటి కూడా లేదు.

బీమా ఉద్యోగానికి ముడిపడింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో. మగవారు సైన్యంలోకి వెళ్లిపోవడంతో కర్మాగారాలకు పనివారు కరువయ్యారు. జీతం పెంచి ఆకర్షిద్దామంటే ధరలు అదుపుతప్పుతాయన్న భయంతో 1942 అక్టోబరులో స్థిరీకరణ చట్టం తెచ్చి జీతాలను కట్టడి చేశారు. అయితే బీమా, పింఛను వంటి ప్రయోజనాలు ఓ మోతాదు వరకు ఆ కట్టడిలోకి రాలేదు. జీతం పెంచలేని యజమానులు ఆస్పత్రి బీమాను ఎరగా వేశారు. యుద్ధం ముగిసింది, ఆ అలవాటు మిగిలింది. 1954 నాటి ఆదాయపు పన్ను చట్టం, యజమాని కట్టే ఆరోగ్య బీమా ప్రీమియంను ఉద్యోగి ఆదాయంగా లెక్కించనవసరం లేదని తేల్చిచెప్పాక ఆ ముడి మరింత బిగిసింది.

అదే కాలంలో బ్రిటన్ మరో దారి పట్టింది. 1948 జులై 5న మొదలైన నేషనల్ హెల్త్ సర్వీస్ వైద్యాన్ని మనిషి ఉద్యోగంతో సంబంధం లేకుండా అందించింది. అక్కడ ఒక మనిషికి రెండు నేషనల్ హెల్త్ సర్వీసులు ఉండే అవకాశమే లేదు. అమెరికాలో మాత్రం బీమా ఉద్యోగాన్ని అంటిపెట్టుకుంది. ఉద్యోగం మారితే బీమా మారుతుంది. ఇంట్లో ఇద్దరు ఉద్యోగం చేస్తే రెండు బీమాలు వస్తాయి. మనం మాట్లాడుకుంటున్న చిక్కంతా ఈ రెండు వాక్యాల్లో ఉంది.

యుద్ధానంతర దశాబ్దాల్లో భార్యాభర్తలిద్దరూ పనిచేసే కుటుంబాలు పెరిగాయి. భర్త పథకంలో భార్య, భార్య పథకంలో భర్త, రెండింటిలోనూ పిల్లలు. ఒక ఆస్పత్రి బిల్లుకు రెండు కంపెనీలూ విడివిడిగా సొమ్ము చెల్లిస్తే వచ్చిన మొత్తం బిల్లును మించిపోవచ్చు. బీమా అనేది నష్టాన్ని పూడ్చడానికే తప్ప లాభం సంపాదించడానికి కాదన్నది ఈ వ్యాపారంలో పాత సూత్రం. రోగం వల్ల ఎవరూ లాభపడకూడదన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ రెండు ప్రీమియంలు కట్టించుకున్నప్పుడు గుర్తురాని సూత్రం, రెండు క్లెయిములు వచ్చినప్పుడే గుర్తురావడం గమనించదగ్గది.

అమెరికాలో బీమా నియంత్రణ ప్రధానంగా రాష్ట్రాల చేతుల్లో ఉంటుంది. 1945 నాటి మెకారన్-ఫెర్గూసన్ చట్టం దానిని స్థిరపరిచింది. అందువల్ల ఉమ్మడి నియమాలు కావాలంటే రాష్ట్రాల బీమా కమిషనర్ల జాతీయ సంఘం ఒక నమూనా తయారుచేస్తుంది, రాష్ట్రాలు దానిని తమ తమ నిబంధనల్లో చేర్చుకుంటాయి. ఆ సంఘం 1970ల ఆరంభంలో రూపొందించిన నమూనా నియమాలే ‘కోఆర్డినేషన్ ఆఫ్ బెనిఫిట్స్’, అంటే ప్రయోజనాల సమన్వయం. రెండు బీమాలు ఉన్నప్పుడు ఏది ముందు చెల్లించాలి, ఏది మిగిలినదాన్ని చూడాలి అన్నది ఇవి తేలుస్తాయి. ముందు చెల్లించేది ప్రైమరీ, తరువాతిది సెకండరీ. మనిషి ఉద్యోగిగా పొందిన పథకం అతనికి ప్రైమరీ. జీవిత భాగస్వామి ద్వారా వచ్చినది సెకండరీ. ఇంతవరకు తర్కం సరళంగానే ఉంది.

పిల్లల దగ్గర చిక్కు వచ్చింది. తొలి నియమాల ప్రకారం బిడ్డకు తండ్రి పథకమే ప్రైమరీ. తల్లి పథకం ఎంత మేలైనదైనా, ఆమె ఉద్యోగం ఎంత పాతదైనా రెండో స్థానమే. స్త్రీపురుష వివక్ష మీద అమెరికాలో చర్చలు ముదిరాక ఈ నియమం నిలబడలేకపోయింది. 1980ల నడిమి కాలంలో దాని స్థానంలో ‘బర్త్‌డే రూల్’ వచ్చింది. తల్లిదండ్రుల్లో ఎవరి పుట్టినరోజు క్యాలెండరులో ముందు వస్తుందో వారి పథకం బిడ్డకు ప్రైమరీ. నెల, తేదీ మాత్రమే చూస్తారు. పుట్టిన సంవత్సరంతో పనిలేదు. తండ్రి ఫిబ్రవరి 12న, తల్లి నవంబరు 3న పుట్టి ఉంటే, తల్లి వయసులో నాలుగేళ్లు పెద్దదైనా సరే, బిడ్డకు తండ్రి పథకమే ముందు. ఇద్దరిదీ ఒకే తేదీ అయితే ఎవరి పథకం ఎక్కువకాలంగా అమల్లో ఉందో అది. విడాకులు తీసుకున్న తల్లిదండ్రుల విషయంలో కోర్టు ఉత్తర్వు ఏం చెబితే అది.

ఇక్కడ మన తెలుగువారికి ఒక విచిత్రం ఉంది. మన ఊళ్లలో బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసిన తేదీయే చాలామందికి జీవితాంతం అధికారిక పుట్టినరోజుగా ఉండిపోయింది. ఇంట్లో పాయసం వండుకునే రోజు వేరు, పాస్‌పోర్టులో ఉన్న రోజు వేరు. బర్త్‌డే రూల్‌కు తెలిసింది పాస్‌పోర్టులోని తేదీయే. తూర్పుగోదావరి జిల్లాలో ఎప్పుడో ఒక హెడ్మాస్టరు తోచిన తేదీ వేస్తే, అది న్యూజెర్సీలో మనవరాలి బిల్లు ఏ కంపెనీ కట్టాలో నిర్ణయిస్తుందన్నమాట.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కానీ ఈ నియమం కుటుంబాలను ఏడిపించిన సందర్భాలు ఉన్నాయి. కాన్సస్ రాష్ట్రంలో ఒక దంపతుల నవజాత శిశువును ఇంటెన్సివ్ కేర్‌లో ఉంచవలసి వచ్చింది. తల్లి పథకం మేలైనదని బిడ్డను దానిలో చేర్పించారు. తండ్రి పుట్టినరోజు ముందు వస్తుంది కనుక ఆయన పథకమే ప్రైమరీ అని తరువాత తేలింది. ఆ పథకం ఇచ్చే రక్షణ చాలా తక్కువ. తల్లిదండ్రుల మీద పడిన బిల్లు రెండు లక్షల డాలర్లు దాటింది. పత్రికలు వెలుగులోకి తెచ్చాక ఆ వ్యవహారం పరిష్కారమైంది. ఆ రాష్ట్రానికి చెందిన కాంగ్రెస్ సభ్యురాలు షరీస్ డేవిడ్స్ 2021లో, బిడ్డకు ఏ పథకం ముందో తల్లిదండ్రులే ఎంచుకునే హక్కు ఇవ్వాలని బిల్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు.

మన దేశంలో ఈ ఎంపిక పాలసీదారుడిదే. ఒక మనిషికి రెండు ఆరోగ్య పాలసీలు ఉంటే నష్టాన్ని రెండు కంపెనీలూ నిష్పత్తి ప్రకారం పంచుకోవాలన్న ‘కాంట్రిబ్యూషన్’ నిబంధన ఇక్కడా ఉండేది. బీమా నియంత్రణ సంస్థ 2013 నాటి ఆరోగ్య బీమా నిబంధనలతో ఆ పద్ధతిని పక్కనపెట్టి, చికిత్స ఖర్చును ఏ పాలసీ కింద కోరాలన్నది పాలసీదారుడి ఇష్టానికి వదిలింది. మొదటిది చాలకపోతే మిగిలినదానికి రెండో పాలసీని అడగవచ్చు. 2024లో 70 ఏళ్లు దాటినవారందరికీ ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించినప్పుడు కూడా, కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం వంటివాటిలో ఉన్న వృద్ధులు ఏదో ఒకటి తామే ఎంచుకోవాలన్నారు. మన వ్యవస్థలో లోపాలు లేవని నా ఉద్దేశం కాదు. ఈ ఒక్క విషయంలో మాత్రం మన పద్ధతి రోగికి దగ్గరగా ఉంది.

మళ్లీ అమెరికాకు వద్దాం. 1965 జులై 30న మిజోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ పట్టణంలో, మాజీ అధ్యక్షుడు ట్రూమన్ సమక్షంలో అధ్యక్షుడు జాన్సన్ మెడికేర్ చట్టం మీద సంతకం చేశాడు. 65 ఏళ్లు దాటినవారికి ఆస్పత్రి ఖర్చులు చెల్లించే ఈ ప్రభుత్వ పథకం 1966 జులై 1న అమల్లోకి వచ్చింది. మొదట్లో, పనిలో తగిలిన గాయాల వంటి కొద్ది సందర్భాలు మినహా, మెడికేరే ముందు చెల్లించేది. ఖర్చు పెరిగేకొద్దీ ప్రభుత్వం వెనక వరుసలోకి జరగడం మొదలుపెట్టింది. 1980లో వాహన ప్రమాద బీమా ముందుకు వచ్చింది. 1982లో, 65 దాటినా ఇంకా ఉద్యోగం చేస్తున్నవారి విషయంలో యజమాని ఇచ్చిన బీమా ముందు, మెడికేర్ తరువాత అన్నారు. ఈ నియమం 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు వర్తిస్తుంది. అంతకంటే చిన్న సంస్థల్లో మెడికేరే ముందు. పేదలకోసం అదే 1965 చట్టంతో వచ్చిన మెడికెయిడ్ అయితే ఎప్పుడూ వరుసలో చిట్టచివరిదే. రోగికి వేరే ఏ బీమా ఉన్నా ముందు దాన్ని అడిగి రావలసిందే.

వరుస నిర్ణయించడం తేలిక, ఎవరికి ఏ బీమా ఉందో తెలుసుకోవడం కష్టం. 1989లో కాంగ్రెస్ ఒక చట్టం చేసి ఆదాయపు పన్ను శాఖ, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ రికార్డులను సరిపోల్చడానికి వీలు కల్పించింది. 2007 నాటి మరో చట్టం, బీమా కంపెనీలే తమ సభ్యుల్లో మెడికేర్ ఉన్నవారి వివరాలను విధిగా పంపాలంది. ప్రైవేటు కంపెనీలూ తమ జాబితాలను ఒకదానితో ఒకటి సరిపోల్చుకునే ఏర్పాట్లు చేసుకున్నాయి. పూర్వం క్లెయిమ్ రాగానే చెల్లించి, తరువాత మరో బీమా ఉందని తెలిస్తే ఆ కంపెనీ వెంటపడి సొమ్ము రాబట్టుకునేవారు. కంప్యూటర్లు చేతికి వచ్చాక ఆ పద్ధతి వెనుకబడింది. అనుమానం ఉంటే ముందు ఆపడం, రోగి వివరణ ఇచ్చాక చెల్లించడం మామూలయింది. కంపెనీల మధ్య లెక్క తేల్చడానికి పుట్టిన ప్రశ్న ఈ విధంగా రోగి నెత్తిమీదికి వచ్చింది. ఉన్నదాన్ని చూపించడం ఎవరికైనా సాధ్యమే. లేనిదాన్ని లేదని రుజువు చేయమంటే సామాన్యుడు ఏం చూపిస్తాడు?

ఒకప్పుడు చూపించడానికి ఒక కాగితం ఉండేది. 1996లో వచ్చిన హిపా చట్టం ప్రకారం, ఉద్యోగం మానేసి పథకం నుంచి బయటికి వచ్చే ప్రతి మనిషికీ పాత పథకంవారు ఒక ధ్రువపత్రాన్ని అడగకుండానే పంపేవారు. అందులో బీమా ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో ఉండేది. దాని అసలు ప్రయోజనం వేరు: పాత జబ్బులకు కొత్త కంపెనీ పెట్టే నిరీక్షణ కాలాన్ని తగ్గించడం. 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టం పాత జబ్బుల పేరుతో బీమా నిరాకరించడాన్నే నిషేధించింది కనుక ఇక ఆ పత్రంతో పనిలేదనుకున్నారు. 2014 డిసెంబరు 31 నుంచి దానిని ఇవ్వవలసిన బాధ్యత రద్దయింది. ఎంతో మేలు చేసిన సంస్కరణే, మరో అవసరానికి అక్కరకు వచ్చే కాగితాన్ని తెలియకుండా మాయం చేసింది. ఈ సంగతి ఎక్కడా పెద్దగా చర్చకు రాలేదు. కానీ పాత బీమా ముగిసిందని చూపలేక అవస్థపడే ప్రతి కుటుంబమూ దాని ఫలితాన్ని అనుభవిస్తోంది.

అదే 2010 చట్టం పిల్లలు 26 ఏళ్లు నిండేవరకు తల్లిదండ్రుల పథకంలో కొనసాగవచ్చన్నది. చదువు ముగించి ఉద్యోగంలో చేరిన కుర్రవాడికి కంపెనీ ఇచ్చిన బీమా ఒకటి, నాన్న పథకంలో పాత చోటు ఒకటి. అతనికి సొంత ఉద్యోగం ఇచ్చినదే ప్రైమరీ. ఇది తెలియక నాన్న కార్డు చూపించి చికిత్స చేయించుకునే పిల్లలు ఎందరో.

ఇక ఆ ఉత్తరం చేతికి వచ్చినప్పుడు ఏం చేయాలో చూద్దాం. కంపెనీ పంపే ‘ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్’ అనే పత్రం బిల్లు కాదు. ఎంత కట్టారు, ఎంత కట్టలేదు, ఎందుకు కట్టలేదు అన్న వివరణ. కారణాన్ని ఒక్కోచోట మాటల్లో, ఒక్కోచోట సంకేత సంఖ్యతో చూపుతారు. ఆస్పత్రికి వెళ్లే పత్రంలో సంఖ్య 22 అని ఉంటే, ఈ చికిత్సను మరో బీమా చెల్లించవలసి ఉండవచ్చని అర్థం. 227 అని ఉంటే రోగిని అడిగిన సమాచారం రాలేదని అర్థం. ఈ రెండోది మనవాళ్ల ఇళ్లలో తరచుగా జరిగేది. ఏడాదికోసారి కంపెనీ పంపే ‘మీకు మరో బీమా ఉందా?’ అన్న ప్రశ్నాపత్రాన్ని ప్రకటనల కాగితమనుకుని చెత్తబుట్టలో వేస్తారు. జవాబు రానందుకే క్లెయిములు ఆగుతాయి. అదే అయితే కంపెనీ వెబ్‌సైటులోనో ఫోనులోనో ‘లేదు’ అని నమోదు చేయిస్తే చాలావరకు పని పూర్తవుతుంది.

జవాబు ఇచ్చినా ఆగిందంటే, ఫోను చేయవలసింది నిరాకరించిన కంపెనీకే, అందులోనూ సమన్వయ విభాగానికి. అక్కడ “నాకు వేరే బీమా లేదు” అని వాదించేకన్నా ముందు “మీ రికార్డులో ఏ కంపెనీ పేరు ఉంది, ఏ సభ్యుడి పేరుతో ఉంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉంది?” అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో సగం చిక్కు విడిపోతుంది. తరచుగా బయటపడేది పాత ఉద్యోగపు బీమా. కన్సల్టింగ్ సంస్థల మధ్య రెండు మూడేళ్లకోసారి మారే మన పిల్లలకు ఇలాంటి పాత గుర్తులు అనేకం. ఉద్యోగం మానేశాక పాత బీమాను సొంత ఖర్చుతో సాధారణంగా 18 నెలల వరకు కొనసాగించుకునే ‘కోబ్రా’ సదుపాయం 1980ల నుంచి ఉంది. దానిని తీసుకోకపోయినా తీసుకున్నట్టు రికార్డులో నిలిచిపోయే అవకాశం ఉంటుంది. కొన్నిసార్లు ఆ బీమా అసలు మీది కాకపోవచ్చు. ఇంటిపేరు ముందా వెనకా అన్న అయోమయం, పొడవైన పేర్లను కత్తిరించి రాయడం, తండ్రీకొడుకులకు ఒకే పొడి అక్షరాలు ఉండటం – మన పేర్లతో రికార్డులు పొరబడటానికి దారులు చాలానే ఉన్నాయి.

పాత బీమా ముగిసిందని చూపడానికి ముగింపు తేదీతో కూడిన ఉత్తరం కావాలి. పాత కంపెనీ హెచ్ఆర్ విభాగమో పాత బీమా సంస్థో అడిగితే ఇస్తుంది. ‘ఉద్యోగం ఫలానా రోజున ముగిసింది’ అన్న ఉత్తరం చాలదు. బీమా ముగిసిన తేదీ, ఆ పథకంలో ఉన్న భార్యాపిల్లల పేర్లు కూడా ఉండాలి. ఉద్యోగం పదో తేదీన ముగిసినా బీమా ఆ నెలాఖరు వరకు నడిచే సంస్థలు చాలా ఉన్నాయి. చికిత్స ఆ మధ్య రోజుల్లో జరిగి ఉంటే కంపెనీ చెప్పింది నిజమే అవుతుంది, బిల్లు పాత బీమాకే వెళ్లాలి. ఆదాయపు పన్ను లెక్కలకోసం ఇచ్చే 1095-బి పత్రంలో ఏ నెలల్లో బీమా ఉందో గడులవారీగా ఉంటుంది. హెచ్ఆర్ నుంచి జవాబు రాని చోట అది అక్కరకు వస్తుంది.

రికార్డు సరిచేశామని ఫోనులో చెప్పగానే నిశ్చింతగా ఉండవద్దు. రికార్డు మారినంత మాత్రాన తిరస్కరించిన క్లెయిములు వాటంతట అవి లేవవు. “ఈ తేదీ తరువాత నిలిచిపోయిన క్లెయిములన్నిటినీ మళ్లీ పరిశీలించండి” అని విడిగా కోరాలి. మాట్లాడినవారి పేరు, తేదీ, ఆ సంభాషణకు ఇచ్చే రిఫరెన్స్ సంఖ్య రాసుకోవాలి. వెంటనే ఆస్పత్రి బిల్లింగ్ విభాగానికి ఆ సంఖ్య చెప్పి, ఖాతాను వసూళ్లకు పంపకుండా ఆపమని అడగాలి. ఆస్పత్రులు సాధారణంగా కాదనవు. వారికి కావలసిందీ ఆ సొమ్మే.

రెండు గడియారాలు నడుస్తుంటాయని మరచిపోకండి. ఒకటి అప్పీలుది. ఉద్యోగ బీమాల్లో తిరస్కరణ తెలిసిన నాటి నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా అప్పీలు చేసుకోవచ్చు. ఫోనుల్లో పని నడుస్తోందన్న నమ్మకంతో ఆ గడువు దాటిపోనివ్వకూడదు. నెల గడిచినా కదలిక లేకపోతే ముగింపు ఉత్తరం జతచేసి అప్పీలు పంపడమే మేలు. రెండోది ఆస్పత్రి బిల్లు సమర్పించే గడువు. ఒప్పందాన్ని బట్టి కొన్ని కంపెనీలకు అది మూడు నెలలే. నిజంగానే వేరే బీమా ప్రైమరీ అయి, ఆ సంగతి ఏడాది తరువాత తేలితే, అసలు చెల్లించవలసిన కంపెనీ గడువు దాటిందంటుంది. కట్టేసిన కంపెనీ ఒక్కోసారి ఆస్పత్రి నుంచి సొమ్ము వెనక్కి లాక్కుంటుంది, ఆస్పత్రి రోగి వైపు తిరుగుతుంది. అందుకే వరుస విషయంలో ఏ చిన్న అనుమానం ఉన్నా చికిత్సకు ముందే తేల్చుకోవడం మంచిది. కాన్పుకు ముందు మరీ.

అప్పీలుకూ ఫలితం లేకపోతే ఎక్కడికి వెళ్లాలన్నది పథకం స్వభావాన్ని బట్టి ఉంటుంది. బీమా కంపెనీ సొంత సొమ్ముతో నడిపే పథకమైతే రాష్ట్ర బీమా శాఖకు ఫిర్యాదు చేయాలి. పెద్ద సంస్థలు చాలావరకు తమ సొమ్ముతోనే ఉద్యోగుల ఖర్చులు భరిస్తూ, బీమా కంపెనీని కాగితాల పనికి మాత్రమే పెట్టుకుంటాయి. కార్డు మీద పేరు కంపెనీదే అయినా, 1974 నాటి ఎరీసా చట్టం వల్ల ఆ పథకాల మీద రాష్ట్ర బీమా శాఖకు అధికారం లేదు; వెళ్లవలసింది కేంద్ర కార్మిక శాఖకు. మీ పథకం ఏ రకమో హెచ్ఆర్‌ను అడిగితే చెబుతారు. బయటి నిపుణులతో పునఃపరిశీలన చేయించుకునే హక్కు 2010 చట్టంతో వచ్చింది కానీ, కేంద్ర నిబంధనల ప్రకారం నడిచే చోట్ల అది ప్రధానంగా వైద్యపరమైన నిర్ణయాలకే. ఏ బీమా ముందు అన్న తగవు సాధారణంగా అందులోకి రాదు.

మెడికేర్ ఉన్న పెద్దల విషయంలో దారి వేరు. 67 ఏళ్ల వయసులో పదవీ విరమణ చేసిన ఇంజనీరును ఊహించుకోండి. నిన్నటిదాకా కంపెనీ బీమా ముందు, మెడికేర్ వెనక. విరమణతో వరుస తలకిందులవుతుంది. ఆ కబురు మెడికేర్‌కు చేరకపోతే, మరుసటి నెలలో గుండె పరీక్షకు వెళ్లినప్పుడు “ముందు మీ కంపెనీ బీమాను అడగండి” అని తిరస్కరిస్తుంది. దీన్ని డాక్టరుగారి ఆఫీసు సరిచేయలేదు. మెడికేర్ తరఫున ఈ రికార్డులు చూడటానికి ‘బెనిఫిట్స్ కోఆర్డినేషన్ అండ్ రికవరీ సెంటర్’ అనే ప్రత్యేక కేంద్రం ఉంది. విరమణ తేదీ, కంపెనీ బీమా ముగిసిన తేదీ దానికే తెలియజేయాలి. పిల్లల దగ్గర ఉంటున్న తల్లిదండ్రులకు ఒక సందేహం వస్తుంది: కొడుకు ఉద్యోగ బీమా వల్ల మా మెడికేర్ వెనక్కి పోతుందా అని. వయసును బట్టి మెడికేర్ వచ్చినవారికి చూసేది తమ ఉద్యోగాన్నీ, జీవిత భాగస్వామి ఉద్యోగాన్నీ మాత్రమే.

అన్నీ కుదిరి సవరించిన వివరణ పత్రం వచ్చాక ఒక చిన్న పని మిగులుతుంది. ఆస్పత్రి రిజిస్ట్రేషన్ కౌంటరు కంప్యూటరులో పాత బీమా కార్డు ఇంకా ఉండి ఉంటుంది. దానిని తీసివేయించకపోతే తరువాతి రక్తపరీక్ష బిల్లుతోపాటు ఆ పాత పేరు మళ్లీ కంపెనీకి వెళుతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. ముగింపు ఉత్తరం నకలు ఒకటి ఇంట్లో పాస్‌పోర్టుల పక్కన ఉంచండి. ఏడాది తిరిగేసరికి ఆ ప్రశ్నాపత్రం మళ్లీ వస్తుంది. దానికి జవాబు నింపడానికి అయిదు నిమిషాలు చాలు.